ముడత గీత, యాసిడ్ తిన్న గీత

1628లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ రాగి రేకు మీద ఒక ముసలామె ముఖాన్ని ఎచింగ్ చేశాడు, అంటే యాసిడ్‌తో గీతలు తినిపించి కాగితం మీద అచ్చు తీశాడు. అప్పటికి అతని వయసు 22 దాటలేదు. ఆమె అతని తల్లేనని ఎప్పటినుంచో చెప్పుకుంటున్నారు గానీ గట్టి రుజువు లేదు. బొమ్మ అటూ ఇటూ 6.5 సెంటీమీటర్లు, అరచేతిలో పట్టేస్తుంది. అంత చిన్న జాగాలో ఒక వృద్ధాప్యం మొత్తం ఎలా ఇమిడింది?

జవాబు కొంత రసాయనశాస్త్రంలో ఉంది. రాగి రేకు మీద మైనం, రెజిన్ కలిపిన పలచటి పూత వేసి, దాని మీద సూదితో గీస్తారు. సూది రాగిని కోయదు, పూతను గీరుతుంది అంతే. అందుకే చెయ్యి కాగితం మీద ఆడినంత తేలిగ్గా ఆడుతుంది. తర్వాత రేకును యాసిడ్‌లో ముంచితే, పూత పోయిన చోటల్లా అది రాగిని తినేస్తుంది. నైట్రిక్ యాసిడ్ వాడితే ద్రావణం నీలిరంగుకు తిరిగి, గీతల వెంట బుడగలు లేస్తాయి. బుడగ కూర్చున్న చోట యాసిడ్ సరిగా తగలదు, గీత ఎగుడుదిగుడవుతుంది. దానికి మందు పక్షి ఈక: దాంతో బుడగల్ని మెల్లగా తుడిచేస్తుంటారు.

గీత ఎంత నల్లగా రావాలన్నది చేతి బలం మీద కాదు, నానిన సమయం మీద ఆధారపడుతుంది. లేతగా ఉండాల్సిన గీతల్ని కాసేపు నానగానే బయటికి తీసి వార్నిష్‌తో మూసేసి, రేకును మళ్లీ ముంచుతారు. ఎక్కువసేపు నానిన గీత లోతుగా, వెడల్పుగా తెగి, అచ్చు కోసం గీతల్లో నింపే సిరాను ఎక్కువగా పట్టుకుంటుంది. ముఖం మీద ముడత కూడా అలా కాలం తిన్న గీతే కదా!

వయసుతో చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్లు కొల్లాజెన్, ఎలాస్టిన్ తగ్గి, మడత పడిన చోటు మళ్లీ సాగి సాపు కాదు. ఆ మడతలు కండరం లాగే దిశకు అడ్డంగా పడతాయి. కనుబొమల్ని పైకెత్తే కండరం నిలువుగా లాగుతుంది, కాబట్టి నుదుటి ముడతలు అడ్డంగా ఉంటాయి. కంటి చుట్టూ ఉన్న కండరం వలయాకారం, అందుకే కంటి కొసన అవి విసనకర్రలా విచ్చుకుంటాయి. కొత్తవాళ్లు ప్రతి ముడతనీ ఒక నల్లగీతగా లాగేస్తారు. అప్పుడు ముఖం పగిలిన మట్టిపెళ్లలా కనిపిస్తుంది. ముడతంటే గీత కాదు, మడత. దానికి వెలుగు పడే ఒడ్డు, నీడ పడే ఒడ్డు రెండూ ఉంటాయి. వెలుగు ఒడ్డును గీయనక్కర్లేదు, కాగితాన్ని ఖాళీగా వదిలేస్తే చాలు.

గీతల ఎచింగ్‌లో బూడిదరంగు సిరా ఉండదు. ఆ రంగు మన కంట్లో పుడుతుంది. 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూసే మామూలు కన్ను మిల్లీమీటరులో పదో వంతు కన్నా దగ్గరగా ఉన్న గీతల్ని విడదీయలేదు, కలిపేసి నీడగా చూస్తుంది. అందుకే ఇలాంటి బొమ్మను ముందు చేయిచాపు దూరంలో చూడాలి, తర్వాత భూతద్దంతో. చెంప మీద నీడ కాస్తా అద్దం కింద గీతలుగా చెదిరిపోతుంది. నాకైతే అసలు సరదా అక్కడే.

వీలైతే పక్కనుంచి పడే వెలుగులో చూడండి. తడి కాగితాన్ని ప్రెస్ గీతల్లోకి నొక్కుతుంది కాబట్టి సిరా కాగితం మీద సన్నగా ఉబ్బి ఉంటుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తూ కనిపిస్తుంది.

ఇంకో సంగతి. అచ్చు పడ్డాక కుడి ఎడమవుతుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసింది చూసినట్టు రేకు మీద గీస్తే, కాగితం మీదికి వచ్చేది చిత్రకారుడు చూసిన ముఖం కాదు, ఆ ముసలామె రోజూ అద్దంలో చూసుకునే ముఖం.