కేసు పెట్టాక ఎక్కడికి పోవాలి?

ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి కోసం మన చట్టం ముందు జైలు గురించి ఆలోచించింది. ఆమె ఉండే చోటు గురించి ఆలోచించడానికి ఇంకో ఇరవై రెండేళ్లు పట్టింది.

1961 వరకట్న నిషేధ చట్టం కట్నం ఇచ్చిపుచ్చుకోవడాన్నే పట్టించుకుంది. 1970ల చివర్లో హైదరాబాద్‌లో పుట్టిన స్త్రీశక్తి సంఘటన, దేశంలోని ఇతర మహిళా బృందాలు వరకట్న చావుల మీద రోడ్డెక్కాయి. ఆ ఒత్తిడితోనే భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసను నేరం చేస్తూ 1983లో ఐపీసీలో సెక్షన్ 498ఏ చేరింది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇప్పుడది సెక్షన్ 85. గరిష్ఠ శిక్ష మూడేళ్లు.

సరే, భర్త మీద కేసు పెట్టింది. అత్తింటి తలుపు మూసుకుంది. పుట్టింట్లో "సర్దుకుపోవాలమ్మా" అంటారు, చెల్లెలి పెళ్లికి అడ్డమని లోలోపల భయపడతారు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. ఇంకా పెళ్లికానివాళ్లకు హక్కు వచ్చినా, "కట్నం ఇచ్చాం కదా, ఇంకేం వాటా" అనే ఇళ్లు తక్కువేం కాదు.

2006 అక్టోబరులో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం (2005) అసలు విషయం పట్టుకుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు, భరణం, పిల్లల కస్టడీ ఒకే దరఖాస్తుతో అడగొచ్చు. తల్లికి, అక్కచెల్లెళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. రెండు నెలలు తిరగకముందే బాత్రా కేసులో సుప్రీంకోర్టు, అత్త పేరున ఉన్న ఇంట్లో కోడలికి ఆ హక్కు లేదంది. మన దగ్గర ఇల్లు ఎక్కువగా మామగారి పేరునో అత్తగారి పేరునో ఉంటుంది, కాబట్టి చట్టంలో సగం బలం అక్కడే పోయింది. దాన్ని అదే కోర్టు సరిదిద్దింది 2020లో, అహూజా కేసులో.

ఈలోగా హైదరాబాద్‌లో అస్మిత, పాతబస్తీలో షాహీన్ లాంటి మహిళా సంస్థలు తమకు చేతనైంది చేస్తూ వచ్చాయి. పోలీసులు, డాక్టరు, లాయరు, కౌన్సెలర్ ఒకేచోట దొరికే భరోసా కేంద్రం 2016లో హాకా భవన్‌లో మొదలైంది. హింసకు గురైన ఆడవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన సఖి కేంద్రాలు, 181 మహిళా హెల్ప్‌లైన్ కూడా ఆ కాలంలోనివే. సఖిలో ఆశ్రయం సాధారణంగా ఐదు రోజులు. ఆ తర్వాత, ఇప్పుడు శక్తి సదన్‌గా మారిన స్వధార్ గృహ్ అనే ఆశ్రయంలో, పాత నిబంధనల ప్రకారం గృహహింస బాధితులకు ఏడాది ఉండేది. కోర్టు వాయిదాలు చూసినవాళ్లకు ఆ ఏడాది ఎంత చిన్నదో తెలుసు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త హింసను చవిచూశామన్నారు. ఇంతమందికి ఆశ్రయాలు సరిపోవు. చేతిలో డబ్బు కావాలి. 2017లో రాష్ట్రం ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలుపెట్టి, 2019లో 2,016కు పెంచింది. నగరంలో ఒక గది అద్దెకు కూడా అది చాలదు. అడ్వాన్స్ చేతిలో ఉన్నా, ఇంటి ఓనర్ ముందు అడిగేది "మీ ఆయన ఏం చేస్తాడు?" అనే.

ఇక కాగితాల టెన్షన్. ఆధార్‌లో అడ్రస్ అత్తింటిదే, రేషన్ కార్డులో పేరు వాళ్లతోనే. పిల్లల టీసీ తండ్రి ఆపించాడని చదువు మాన్పించేవాళ్లూ ఉన్నారు. అక్కర్లేదు: టీసీ ఆలస్యమైందని సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 చెబుతోంది.