సి.ఆర్.రావు గారు, మా స్టాటిస్టిక్స్: అపోహలు - వాస్తవాలు

పేరున్న గణాంక శాస్త్రవేత్త (స్టాటిస్టీషియన్) కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 2023 ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు. 103 ఏళ్లు నిండడానికి మూడు వారాలు కూడా లేదు. నేను ఫ్యాక్టరీల క్వాలిటీ డేటా చూసే స్టాటిస్టీషియన్‌ని. ఆయన వేసిన దారిలోనే రోజూ నా పని నడుస్తుంది. అందుకే ఆయన గురించీ, ఈ సబ్జెక్టు గురించీ పొరపాటు మాటలు వింటే ఊరుకోలేను.

అపోహ: విదేశాల్లో చదివాకే ఆయన అంతటివాడయ్యారు.

వాస్తవం: ఎమ్మే లెక్కలు చదివింది విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 1941లో కలకత్తాలో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ప్రపంచం ఆయన్ని గుర్తుపెట్టుకున్న పరిశోధన పేపర్ 1945లో కలకత్తాలోనే అచ్చయింది. కేంబ్రిడ్జి వెళ్లింది ఆ తర్వాతే.

ఆ పేపర్ పుట్టిన తీరు నాకెంతో ఇష్టం. క్లాసులో ఆయన ఇంగ్లండ్ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ కనుక్కున్న ఫలితం ఒకటి చెబుతున్నారు. శాంపిల్ (మచ్చుకు తీసుకున్న డేటా) బాగా పెద్దదైతేనే అది వర్తిస్తుంది. చిన్న శాంపిళ్లకు కూడా దాన్ని నిరూపించలేమా అని దాండేకర్ అనే విద్యార్థి అడిగారు. రావు గారు ఆ రాత్రే కూర్చుని నిరూపించేశారు. అదే క్రామెర్-రావ్ బౌండ్. పక్షపాతం లేని అంచనా (సగటున అసలు విలువకే సరిపోయేది) వేయడానికి ఎవరు ఏ పద్ధతి కనిపెట్టినా, ఆ అంచనాల్లో వచ్చే హెచ్చుతగ్గులు ఒక హద్దుకంటే తగ్గవు. ఆ హద్దు ఎంతో ఇది చెబుతుంది. రాడార్ ఇంజనీర్లు తమ కొలతలు ఇంకా మెరుగుపడతాయా లేదా అని ఇప్పటికీ దీంతోనే సరిచూసుకుంటారు.

అపోహ: డేటా ఎంత కుప్పపోస్తే నిజం అంత బాగా తెలుస్తుంది.

వాస్తవం: మా ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వినే అపోహ ఇదే. కానీ డేటా ఎంత అన్నదానికంటే ఎలా అమర్చి తీశామన్నదే ముఖ్యం. వేడి, ఒత్తిడి, కలిపే సమయం లాంటివి ఏడు ఉన్నాయనుకోండి. ఒక్కోదాన్నీ ఎక్కువ, తక్కువ అని రెండు రకాలుగా మార్చి, అన్ని కలయికలూ చూడాలంటే 128 ట్రయల్స్ కావాలి. రావు గారు 1947లో గణితం సమకూర్చిన ఆర్తోగోనల్ అర్రేలతో (ఏ ట్రయల్‌లో ఏది ఎక్కువ, ఏది తక్కువ ఉంచాలో చెప్పే పట్టికలతో) 8 చాలు. ఏ రెండింటిని తీసుకున్నా, వాటి నాలుగు కలయికలూ సరిగ్గా రెండేసి సార్లు వచ్చేలా ఆ ఎనిమిదీ అమర్చి ఉంటాయి. ఒకదాని ప్రభావం ఇంకోదాన్ని బట్టి బాగా మారిపోయే చోట మాత్రం ఎనిమిదితో సరిపెట్టుకోకూడదు. తర్వాత జపాన్‌లో టగూచి అనే ఇంజనీరు ఈ అర్రేలనే ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్లారు.

అపోహ: రిటైరైతే శాస్త్రవేత్త పని అయిపోయినట్టే.

వాస్తవం: కలకత్తా సంస్థలో నలభై ఏళ్ల దాకా పనిచేశాక ఆయన అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్‌లో, పెన్ స్టేట్‌లో మళ్లీ పాఠాలు చెప్పారు. 2002లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ వచ్చింది. 102 ఏళ్ల వయసులో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందింది.

అపోహ: లెక్కలు బాగా వచ్చిన పిల్లలకు ఇంజనీరింగే గతి.

వాస్తవం: ఆ కలకత్తా సంస్థలో ఇంటర్ తర్వాత చేరే బి.స్టాట్ (స్టాటిస్టిక్స్ డిగ్రీ) ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో రావు గారి పేరిట పరిశోధన సంస్థే ఉంది. మీ ఇంట్లో ఎంపీసీ చదివే పిల్లలుంటే ఈ రెండింటి గురించీ వాళ్లకు చెప్పండి.