అద్దంలో వెనక బండి కనిపిస్తోందా?

మార్కాపురం,
కార్తీక మాసం.

చంటీ, సిరీ, మీతో వస్తున్న పిల్లలందరికీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. శనివారం ఆరు బండ్ల మీద ఎనిమిది మంది హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరుతున్నారట కదా. "అన్నయ్యా, నువ్వైనా వద్దని చెప్పు" అన్నాడు. నేను చెప్పను. ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్ళకుండా చెప్పి వెళ్తున్నారు, అదే నాకు పెద్ద సంతోషం. కానీ నాకు తెలిసింది మీకు చెప్పకపోతే మాత్రం శనివారం సాయంత్రం దాకా నా మనసు మనసులో ఉండదు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీరిద్దరూ చదివి, మిగతా పిల్లలకీ చదివి వినిపించండి.

ఇంతవరకు మీకెవరికీ చెప్పని సంగతి ఒకటుంది. 1994 డిసెంబర్‌లో మేం నలుగురు స్నేహితులం నాలుగు బండ్ల మీద దోర్నాల మీదుగా శ్రీశైలం బయల్దేరాం. నాది ఆర్ఎక్స్ 100. ఇంకొకడిది యెజ్డీ. అందరికంటే వెనక వచ్చేవాడిది స్కూటర్, వాడు బండి నేర్చుకుని రెండు నెలలు కూడా కాలేదు. దోర్నాల నుంచి కొండ మీదికి సుమారు 50 కిలోమీటర్లు, అంతా అడవి. ముందున్న మేం ముగ్గురం పోటీలు పడి ఎక్కేశాం. శిఖరం దగ్గర ఆగి నాలుగు టీలు చెప్పాం. మూడు తాగాం. నాలుగో గ్లాసు బల్ల మీదే ఉంది. కబుర్లలో పడిపోయాం. ఆ గ్లాసులో టీ మీద మీగడ కట్టడం చూశాక గానీ వాడింకా రాలేదన్న సంగతి మాకు తట్టలేదు.

వెనక్కి వెళ్ళాం. ఏడెనిమిది కిలోమీటర్లు దిగాక ఒక మలుపులో ఆర్టీసీ బస్సు ఆగి ఉంది. మావాడు రోడ్డు పక్కన చెట్టు నీడలో పడుకుని ఉన్నాడు. కండక్టర్ తన తువ్వాలు వాడి మెడకు వేసి చెయ్యి కడుతున్నాడు. బస్సు వాడిని తాకనైనా తాకలేదు. మలుపులో వేగం ఎక్కువై బండి కుడి పక్కకు వెళ్ళిపోయింది, ఎదురుగా బస్సు కనపడగానే కంగారులో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాడు, పడిపోయాడు. "మీరెవరూ కనపడకపోయేసరికి టెన్షన్ వచ్చిందిరా, అందుకుందామని స్పీడు పెంచాను" అన్నాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఇప్పటికీ ఆ ఎడమ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. వాడు ఏనాడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ తప్పు మాదే. ముందున్న ముగ్గురిలో ఒక్కడైనా అద్దంలో వెనక్కి చూసి ఉంటే, వాడికి ఆ కంగారే పుట్టేది కాదు.

ఆ తర్వాత గుంపుగా ఎప్పుడు వెళ్ళినా నేను ఒకటే పద్ధతి పాటించాను. ప్రతివాడికీ తన వెనక బండే బాధ్యత. ముందువాడిని అందుకోవడం నీ పని కాదు, వెనకవాడిని వదిలిపెట్టకపోవడం నీ పని. అద్దంలో వెనక బండి కనపడకపోతే నువ్వు వేగం తగ్గించాలి. నువ్వు తగ్గించావని నీ ముందువాడు తన అద్దంలో చూసి తనూ తగ్గిస్తాడు. అలా కాసేపటికి మొదటి బండి దాకా ఆ కబురు దానంతటదే చేరిపోతుంది. ఫోన్లు అక్కర్లేదు, హెల్మెట్లలో పెట్టుకునే మైకులు అక్కర్లేదు. మన్ననూరు దాటాక అడవిలో సిగ్నల్ ఎలాగూ సరిగా ఉండదు, అక్కడ మీకు ఈ అద్దాలే దిక్కు. బయల్దేరే ముందు ఎవరి వెనక ఎవరో తేల్చుకోండి, మధ్యలో ఆ వరస మార్చొద్దు. రోడ్డు చీలే చోట మలుపు తిరిగేవాడు తన వెనక బండి కనపడేదాకా అక్కడే ఆగి, చూపించి, అప్పుడు కదలాలి.

వరస ఎలా వెయ్యాలో కూడా చెబుతాను. మీలో లడఖ్ వెళ్ళొచ్చిన కుర్రాడు ఒకడున్నాడని చంటి చెప్పాడు. అతను అందరికంటే చివర రావాలి. అనుభవం ఉన్నవాడు ముందుండాలని అందరూ అనుకుంటారు గానీ, బండి ఆగిపోయినా, పంచరైనా, ఎవరైనా పడినా చూడగలిగేది చివరివాడే. పంచర్ కిట్టు, స్పానర్లు, మందుల డబ్బా అతని బండి మీదే ఉండాలి. చంటీ, దారి తెలిసినవాడివి నువ్వు ముందుండు. సిరి లైసెన్స్ వచ్చి నాలుగు నెలలే అయింది కాబట్టి నీ వెనకే రెండో బండి సిరిది. ఆమె ఎంత వేగంలో హాయిగా నడపగలదో, ఆరు బండ్ల వేగమూ అంతే. సిరీ, ఇందులో నామోషీ ఏమీ లేదమ్మా. భయం వేస్తే ఆగి చెప్పు. చెప్పకుండా పళ్ళ బిగువున నడిపితేనే నాకు బాధ.

తిన్నటి రోడ్డు మీద ఒకడి వెనక ఒకడు సూటిగా కాకుండా కొంచెం అటూ ఇటూగా నడపండి. ముందు బండి మన లేన్‌లో కుడి వైపు ఉంటే, రెండోది ఎడమ వైపు, మూడోది మళ్ళీ కుడి వైపు. అప్పుడు ప్రతివాడికీ ముందు ఖాళీ కనపడుతుంది. సూటిగా మీ ముందున్న బండికీ మీకూ రెండు సెకన్ల దూరం ఉండాలి. ముందు బండి ఒక స్తంభాన్ని దాటగానే "ఒకటీ ఒకటీ, రెండూ రెండూ" అని లెక్కపెట్టండి, ఆ లెక్క పూర్తయ్యాకే మీరు ఆ స్తంభం చేరాలి. 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే సుమారు 33 మీటర్లు. చూడ్డానికి చాలా ఎక్కువ దూరంలా అనిపిస్తుంది, బ్రేకు వేసినప్పుడు మాత్రం చాలీచాలకుండా ఉంటుంది. ఘాట్‌లోనూ, ఇరుకు రోడ్డులోనూ ఈ అటూ ఇటూ పద్ధతి వద్దు, అక్కడ ఒకే వరస.

ఇంకో మాట. చంటి లారీని దాటాడు కదా అని సిరి వెనకే దూరకూడదు. చంటి చూసుకున్న ఖాళీ చంటికే. మీ ఖాళీ మీరు మళ్ళీ చూసుకోవాలి. గుంపుగా వెళ్ళేటప్పుడు జరిగే ప్రమాదాల్లో నేను ఎక్కువగా భయపడేది దీనికే. దాటినవాడు కూడా వెంటనే వేగం తగ్గించకుండా, వెనకొచ్చేవాడికి చోటిచ్చేంత ముందుకు వెళ్ళాలి.

ఇక దారి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకులను రానివ్వరు, కాబట్టి తుక్కుగూడ మీదుగా నేరుగా శ్రీశైలం రోడ్డు పట్టుకోండి. కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి, హాజీపూర్ చౌరస్తా, మన్ననూరు. అక్కడ నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. దోర్నాల వైపూ అంతే. తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరితే ఎండ ఎక్కకముందే మన్ననూరు చేరతారు. ముందురోజు రాత్రి పదింటికల్లా పడుకోండి. నిద్ర చాలకపోతే ఏ హెల్మెట్టూ కాపాడదు.

ఈ నెలలో ఆ రోడ్డు మీద మీరు ప్రత్యేకంగా చూసుకోవలసింది వడ్లు. కోతల కాలం కదా, పాపం రైతులకు కల్లాలు చాలక రోడ్డు అంచున ఆరబోస్తారు. వడ్ల కుప్ప కంటే దాని చుట్టూ పెట్టిన రాళ్ళు ప్రమాదం. తెల్లవారుజామున నల్ల పట్టా కప్పి ఉంటే ఆ రాయి అసలు కనపడదు. గింజల మీద టైరు ఎక్కితే గోళీల మీద కాలేసినట్టే, జారుతుంది. అలాంటి చోట ముందువాడు ఎడమ కాలు కిందికి చాపి చూపించాలి, వెనకవాళ్ళూ అలాగే చూపిస్తూ రావాలి. వెనక దీపం లేని ట్రాక్టర్లు, రంగు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకర్లు సరేసరి. పొద్దున్నే మంచు పడుతుంది, హెల్మెట్ అద్దం మసకబారితే ఒక్క వేలు సందు తెరవండి.

అడవిలో కోతులుంటాయి. దయచేసి ఏమీ వెయ్యకండి. జనం బిస్కెట్లు వేసి వేసి వాటిని రోడ్డుకు అలవాటు చేశారు, అవి బండ్ల కిందే పడి చస్తున్నాయి. తినుబండారాల కవరు బండికి వేలాడదీయొద్దు. పెట్రోలు అడవిలోకి రాకముందే నింపుకోండి.

మీ దారిలో దోమలపెంట దాటాక అసలు దిగుడు మొదలవుతుంది, డ్యామ్ దాకా మలుపులే. మీరు 200 కిలోమీటర్లు నడిపి, ఒళ్ళు అలిసిన వేళకు వచ్చే దారి అది. అందుకే దోమలపెంటలో తప్పనిసరిగా పావుగంట ఆగి నీళ్ళు తాగండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, రెండో గేరో మూడో గేరో. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీద పడి, వేడెక్కి, ఒక మలుపులో పట్టవు. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు వేసుకోవాలి. వంగాక వెయ్యకూడదు. చూపు మలుపు చివర మీద పెట్టండి. చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. లోయ వైపు చూస్తే లోయ వైపే, బస్సు వైపు చూస్తే బస్సు వైపే.

కుడి మలుపులో ఇంకో సంగతి ఉంది, ఇది నాకెవరూ చెప్పలేదు, నడిపి నడిపి నేర్చుకున్నాను. టైరు మీ వైపే ఉన్నా, బండి వంగినప్పుడు మీ తల మధ్య గీత దాటి అవతలికి వెళ్తుంది. ఎదురొచ్చే బస్సుకు టైరు కాదు, ఆ తలే అడ్డం. కాబట్టి కుడి మలుపులన్నీ రోడ్డుకు ఎడమ అంచుకు దగ్గరగా తీసుకోండి. ఆర్టీసీ బస్సు హెయిర్‌పిన్ మలుపులో మీ వైపుకు రాక తప్పదు, అది డ్రైవర్ తప్పు కాదు, ఆ బస్సు పొడవు అంత. హారన్ కొట్టి, ఆగి దారివ్వండి. కొండ దారిలో ఎక్కే బండికి దిగే బండే దారివ్వాలి, అది నియమం కూడా.

శుక్రవారం సాయంత్రం బండ్లు ఒకసారి చూసుకోండి. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడు చూపించాలి, వెనక మనిషి కూర్చునే బండికి ఎక్కువ కొట్టాలి, ఎంతో చెయిన్ కవర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చెయిన్‌ను కింది వైపు మధ్యలో వేలితో నొక్కితే అంగుళం అటూ ఇటూ ఆడాలి. బిర్రుగా ఉన్నా, వేలాడుతున్నా మెకానిక్‌కి చూపించండి. మీలో ఒకరు వాళ్ళ నాన్నగారి పాత బండి తెస్తున్నారట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉంటుంది, పాతవాటికి చాలావరకు ఉండదు. ఆ అబ్బాయికి గట్టిగా చెప్పండి, బ్రేకు ఒక్కసారిగా పట్టేయకుండా పిండినట్టు నెమ్మదిగా పట్టమని. వెనక కూర్చునేవాళ్ళకూ హెల్మెట్ ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. చున్నీ చక్రంలో చిక్కుకుని ఎంతమంది పడ్డారో చూశాను, శనివారం ఎవరికీ చున్నీ వద్దు.

ఎవరైనా పడితే, మీవాళ్ళైనా దారిన పోయేవాళ్ళైనా, ముందు వెనకొచ్చే బండ్లను ఆపండి. హెల్మెట్ గుంజకండి, మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చు. 108కి చెయ్యండి, సిగ్నల్ లేకపోతే వచ్చే బస్సును ఆపండి. మావాడు పడినప్పుడు 108 లేదు, అది మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. సాయం చేస్తే పోలీసు కేసుల్లో తిప్పుతారన్న భయం వద్దు. సాయం చేసినవాళ్ళకు రక్షణగా 2019లో మోటారు వాహనాల చట్టంలో సెక్షనే చేర్చారు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండింటికల్లా మొదలుపెట్టాలి. కార్తీక మాసం, దర్శనానికి రద్దీ ఉంటుంది. ఆలస్యమైతే ఆ రాత్రి శ్రీశైలంలోనే ఉండిపోండి, గేటు వేసేస్తారని చీకట్లో అడవిలో పరుగులు పెట్టొద్దు. సత్రంలో గది సంగతి నేను చూస్తాను, మీ నాన్నకీ నేనే చెప్పుకుంటాను.

నేను పొద్దున్నే దోర్నాల మీదుగా వస్తాను. సున్నిపెంట సెంటర్‌లో పదింటి నుంచి ఉంటాను. పదకొండైనా పన్నెండైనా పర్వాలేదు, నా కోసం తొందరపడొద్దు. పెద్దమ్మ ఎనిమిది మందికీ పులిహోర చేసి పంపిస్తానంది. ఆరో బండి కూడా వచ్చి ఆగాకే డబ్బా మూత తీస్తాను.

మీ పెదనాన్న