నేరేడు రంగు నాన్న లివర్‌కి మంచిదేనా?

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. నేరేడు పళ్ళు తింటే నాలుక ఊదాగా మారింది కదా, ఆ రంగే లోపలికి వెళ్ళి నాన్న లివర్‌లో కొవ్వును కడిగేస్తుందా అని అడిగారు. కడగదర్రా. కానీ అది చేసే పని వేరే ఉంది.

లివర్‌ని పెరట్లో గాదె అనుకోండి. తిన్నదాంట్లో చాలా భాగం ముందు అక్కడికే చేరుతుంది. ఆ పూటకి కావలసింది ఒంటికి పంపి, మిగిలింది దాస్తుంది. రోజూ బండ్లు దిగుతూ, బయటికి పోయేది తక్కువైతే బస్తాలు నడవలోకీ పేరుకుంటాయి. లివర్‌లో నూటికి 5 పాళ్ళు మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. గాలాడని గాదెలో గింజ ముక్కిపోయినట్టే కొందరికి లివర్ కూడా వాస్తుంది, ఏళ్ళు గడిస్తే గట్టిపడొచ్చు.

నేరేడు, నల్ల ద్రాక్ష, వంకాయ తొక్కల్లో ఉండే ఊదా రంగు పేరు ఆంథోసయనిన్. అది బస్తాలు మోసే కూలీ కాదు, గుమ్మంలో కూర్చున్న గుమాస్తా. ‘కొత్త సరుకు దించొద్దు, లోపలున్నది ముందు వాడండి’ అని కణాలకు కబురు పెడుతుంది. ఎలుకల్లో ఇది బాగా కనిపించింది. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో లాభం కొద్దిగానే తేలింది. తిన్న రంగులో రక్తంలోకి చేరేది చాలా తక్కువ మరి.

గుమాస్తా ఎంత గట్టివాడైనా వీధిలో బండ్లు ఆగకపోతే ఏం చేస్తాడు? 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అందులో దాదాపు సగం ఫ్రక్టోజ్. దాన్ని సర్దే పని ఎక్కువగా లివర్‌దే, అతిగా వస్తే కొవ్వుగా మారుస్తుంది. అందుకే ముందు ఆ సీసాలు మానాలి, రోజూ నడవాలి. బరువు ఎక్కువున్నవాళ్ళు నూటికి 7 నుంచి 10 పాళ్ళు తగ్గితే లివర్ వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి అది 6 నుంచి 8 కిలోలు. నాన్నని భయపెట్టకండి, తొలిదశలో ఇది వెనక్కి మళ్ళే జబ్బే.

ఇక వంటింటి సంగతి అమ్మకి చదివి వినిపించండి. వంకాయ రంగంతా తొక్కలోనే ఉంటుంది, చెక్కు తీయొద్దు. అలాగని నూనెలో ముంచి వేయించినా లాభం లేదు, వంకాయ నూనెను తెగ పీలుస్తుంది. ఎర్ర తోటకూర ఉడికించిన నీళ్ళు పారబోస్తే రంగు కూడా పోతుంది, పప్పులోనే ఉడకనివ్వండి. టమాటా ఎరుపు లైకోపిన్‌ది. అది నీళ్ళలో కరగదు. ఒక చెంచా నూనెలో మగ్గిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. పసుపుకి మిరియం తోడైతే అందులోని కుర్కుమిన్ మరింత ఒంటబడుతుంది. కూరలో వేసే చిటికెడు చాలు. గాఢంగా చేసిన పసుపు మాత్రలు మింగి లివర్ దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు, డాక్టరు చెప్పకుండా నాన్నని వాటి జోలికి పోనివ్వకండి. నేరేడు రసం పిండి పంచదార కలపడం కూడా వద్దు. పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది. పండు పండుగానే తినండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాముల ఆకుకూర, మరో 100 గ్రాముల పండ్లు తినమంటుంది. కంచంలో సగం అవే అన్నమాట. అన్నం కుప్ప చుట్టూ నాలుగు కూర ముక్కలు వేసుకునే మన అలవాటే ముందు మారాలి.

రంగు కణాలతో ఎలా మాట్లాడుతుందో అంతా నేను చెప్పలేను గానీ, అది ఎంత చురుకైనదో మీరే చూడొచ్చు. నాలుగు నేరేడు తొక్కల్ని అర గ్లాసు వేడినీళ్ళలో పది నిమిషాలు నాననిచ్చి వడకట్టండి. మూడు గిన్నెల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం, ఇంకోదాంట్లో చిటికెడు వంటసోడా వేయండి, మూడోది అలాగే ఉంచండి. ఆ తర్వాత బీట్‌రూట్ నీళ్ళతో కూడా చేయండి. దానిది వేరే జాతి రంగు, నిమ్మకాయకి అంత తేలిగ్గా లొంగదు. ఏ గిన్నె ఏ రంగుకి తిరిగిందో రాయండి.

మీ తాతయ్య