కింద కూర్చోలేనివాళ్లకు ఊళ్లో ఆటేది?

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు వికలాంగుల మాట ఎత్తితే ముందు నీళ్ల మాటే వస్తుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు మించిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు కీళ్లను పట్టి ఉంచే పట్టీలు సున్నం కట్టినట్టు బిగుసుకుపోతాయి. నడుము వంగదు, మెడ తిరగదు, మోకాళ్లు పూర్తిగా ముడవవు. ఎముక చిక్కగా కనబడినా పెళుసుగా ఉంటుంది, పడితే విరుగుతుంది. ఈ జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు.

ఇక్కడి పోరాటమంతా నీటి కోసమే సాగింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) 1970లలో రూపొందించింది. దానికి పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తి, బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. 2016లో మిషన్ భగీరథ మొదలై, నల్లా నీళ్లు ఊళ్లకు చేరాయి. కానీ అప్పటికే బిగుసుకున్న ఒళ్లు నల్లా నీళ్లతో సడలవు. ఆ మనుషులు సాయంత్రం ఎక్కడ కూర్చుంటారు, ఎవరితో కలిసి ఆడతారు అన్న ప్రశ్న ఏ డిమాండ్ల పత్రంలోకీ ఎక్కలేదు.

నిజానికి ఊరి వినోదమంతా నేల మీదిదే. భజనకు చాప, పచ్చీసుకు గచ్చు, ముచ్చట్లకు రచ్చకట్ట. బాసింపట్టు వేయలేనివాడు వాటన్నిటికీ దూరమే.

చట్టం కూడా మొదట్లో వేరు జాగానే చూపింది. 1995 వికలాంగుల చట్టం 43వ సెక్షన్‌లో ‘ప్రత్యేక వినోద కేంద్రాల’కు తక్కువ ధరకు భూమి ఇవ్వాలని ఉంది. అంటే ఆట సరే, కానీ పక్కన ఆడుకోండి అని. 2016 చట్టం ఆ చూపు మార్చింది. 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితం, వినోదం అందరితో సమానంగా అందాలంటుంది, 30వది క్రీడల గురించి. పాత ప్రభుత్వ కట్టడాలను వికలాంగులకు అనువుగా ఐదేళ్లలో సరిచేయాలన్న గడువు 2022 జూన్‌లో ముగిసింది. సరిగ్గా ఆ నెలలోనే తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్, లాంగ్ జంప్ గుంత, కసరత్తు బార్లు వచ్చాయి గానీ, చేతులున్న బెంచీ మాత్రం అరుదు. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగలడం చెల్లదని, తప్పనిసరి నిబంధనలు రాయాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

ఇక కొలతలు. ర్యాంపు వాలు 1:12, అంటే 45 సెంటీమీటర్ల ఎత్తుకు 5.4 మీటర్ల పొడవు కావాలి. జాగా లేదని రెండు మీటర్లలో ముగిస్తే అది జారుడుబల్ల. వెడల్పు కనీసం 1.2 మీటర్లు, రెండు వైపులా పట్టుకునే పైపులు. పైన, కింద 1.5 మీటర్ల చదును అడుగుతారు గానీ, ఆ లెక్క వీల్‌చెయిర్‌ది. మన ఊళ్లలో తిరిగేది చేత్తో తొక్కే ట్రైసైకిల్. అది పొడుగు, ఆ జాగాలో తిరగదు. పశువులు రాకుండా గేటు దగ్గర పాతే పైపుల మధ్య 90 సెంటీమీటర్లు వదలకపోతే ఎంత మంచి ర్యాంపైనా దండగే. దారికి మొరం పోస్తే మొదటి వానకే కోతపడుతుంది. రాతిపొడి పోసి రోలరుతో తొక్కించాలి.

అయితే ఫ్లోరోసిస్ మనిషికి ర్యాంపు కంటే కుర్చీ ముఖ్యం. 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు, వీపు ఆనే పలక, లేచేటప్పుడు ఊతమిచ్చే చేతులు ఉండాలి. చేతుల్లేని సిమెంటు బెంచీ మీద కూర్చుంటే లేవడానికి ఇంకొకరు రావాల్సిందే. మెడ వంగదు కాబట్టి కాళ్ల కింది మెట్టు కనబడదు. మెట్టు అంచుకు పసుపు పట్టీ వేయాలి, తడిస్తే జారే షాబాద్ బండలు మానాలి.

పోలియో వచ్చినవాళ్లకు కూర్చుని ఆడే వాలీబాల్ బాగుంటుంది. కోర్టు 10 మీటర్లకు 6, నెట్ పురుషులకు 1.15, స్త్రీలకు 1.05 మీటర్లు. ఉన్న 18 మీటర్ల కోర్టులోనే సరిపోతుంది, కాకపోతే మొరం ఒరుసుకుంటుంది, మందపాటి పరుపు వేయాలి. నడుము బిగిసినవాళ్లకు మాత్రం ఈ ఆట పనికిరాదు. వాళ్లకు కింద మోకాళ్లు పట్టే బల్ల మీద క్యారమ్ బోర్డు నయం. వికలాంగులందరికీ ఒకే ఆట పెట్టి లెక్క చూపించే అలవాటు ఇక్కడే బెడిసికొడుతుంది.

బతుకమ్మకు కుర్చీలు అంచున వేస్తారు, చూడమన్నట్టు. బతుకమ్మల పక్కనే లోపలి వరుసలో వేస్తే పాటా, చప్పట్లూ వాళ్లవీ అవుతాయి. చెరువు కట్ట దిగడం కష్టం కాబట్టి నిమజ్జనం వరకూ రాలేరు. కార్యక్రమం ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, ట్రైసైకిల్‌కు లైటు ఉండదు. ఇంటిదాకా వీధి దీపాలు వెలుగుతున్నాయో లేదో పంచాయతీ ఆ మధ్యాహ్నమే చూసుకోవాలి.