ఫోల్డర్‌లోకి వెళ్తే చాలు, కోడ్ నడిచిపోతుంది

కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో సీడీ (ఫోల్డర్ మార్చే కమాండు) కొట్టి ఒక ఫోల్డర్‌లోకి వెళ్లినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకుంటాం. మన కమాండ్లను నడిపే ప్రోగ్రామును షెల్ అంటారు, మామూలు షెల్‌లో నిజంగానే ఏమీ కాదు. కానీ విశాఖలో మధురవాడ, రుషికొండ వైపు హాస్టళ్లలో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లల ల్యాప్‌టాప్‌లు చూడండి. సీనియర్ల దగ్గర కాపీ చేసుకున్న సెట్టింగులు, రంగురంగుల ప్రాంప్టు (కమాండు కొట్టేచోట ముందు కనిపించే వరస), దానికి తోడు షెల్‌కు అదనపు పనులు నేర్పే బోలెడు ప్లగిన్లు.

వాటిలో జెడ్‌ఎస్‌హెచ్ అనే షెల్‌కు సెట్టింగులు, ప్లగిన్లు అందించే ఓ మై జెడ్‌ఎస్‌హెచ్‌తో వచ్చే డాట్‌ఎన్వ్ ప్లగిన్ ఒకటి. డేటాబేస్ చిరునామా, పోర్టు నంబరు వంటివి రాసుకునే '.ఎన్వ్' ఫైలు ఫోల్డర్‌లో కనిపిస్తే తనే లోడ్ చేసేస్తుంది (ఇప్పుడు ముందు అడుగుతోంది, ఆ సంగతి తర్వాత). చిక్కేమిటంటే, ఆ ఫైలును జాబితాలా చదవదు, షెల్ స్క్రిప్టులా నడుపుతుంది. 'పోర్ట్=3000' అని ఉంటే గొడవ లేదు. ఆ 3000 స్థానంలో డాలరు గుర్తు, బ్రాకెట్లు, వాటి మధ్య ఒక కమాండు ఉంటే? షెల్ ముందు ఆ కమాండు నడిపి, వచ్చిన జవాబును పోర్టు విలువగా పెట్టుకుంటుంది. సర్వర్లలోకి లాగిన్ కావడానికి వాడే మీ ఎస్‌ఎస్‌హెచ్ కీలను ఎవరికో పంపే కమాండైనా అంతే. పాస్‌వర్డ్ అడగదు, ఎందుకంటే నడిచేది మీ అనుమతులతోనే. తెర మీద ప్రాంప్టు ఎప్పటిలాగే వస్తుంది.

ప్లేస్‌మెంట్ల కాలంలో దీని గురించి గట్టిగా చెప్పాలి. దొంగ ఇంటర్వ్యూలు పెట్టి, "ఈ ప్రాజెక్టు చేసి చూపించండి" అంటూ ప్రోగ్రామర్లకు మాల్వేర్ అంటగట్టే ఉత్తర కొరియా ముఠాల గుట్టును 2023లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. అక్కడ కనీసం ప్రాజెక్టును రన్ చేయించాలి. అడగకుండా లోడ్ చేసే ప్లగిన్ ఉంటే ఆ మాత్రం శ్రమ కూడా అక్కర్లేదు.

కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్. ప్రాంప్టులో గిట్ బ్రాంచి పేరు, మార్పుల గుర్తు చూపించేవాటిదీ ఇదే తీరు. ప్రతి ఎంటర్‌కూ అవి లోపల గిట్‌ను పిలుస్తాయి. ఫోల్డర్‌లోని గిట్ కాన్ఫిగ్‌లో ('.గిట్' అనే దాగిన ఫోల్డర్‌లో ఉండే సెట్టింగుల ఫైలు) ఎఫ్ఎస్‌మానిటర్ అనే చోట కమాండు రాసి ఉంటే, మార్పులు చూపే గిట్ స్టేటస్ కమాండు దాన్ని నడుపుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2, వేరే యూజర్‌కు చెందిన ఫోల్డర్లను నమ్మడం మానేసింది. పదిమంది వాడే కాలేజీ ల్యాబ్ కంప్యూటర్లకు అది మంచి రక్షణే. కానీ మీరు అన్‌జిప్ చేసిన ఫోల్డర్‌కు యజమాని మీరే! గిట్ క్లోన్‌తో ప్రాజెక్టును దించుకుంటే అవతలివాళ్ల కాన్ఫిగ్ రాదు, జిప్‌లో వస్తుంది.

డాట్‌ఎన్వ్ ప్లగిన్ ఇప్పుడు లోడ్ చేసేముందు అడుగుతోంది. అయితే "ఎప్పుడూ సరే" అని చెబితే గుర్తుంచుకునేది ఫోల్డర్‌నే. రేపు కొత్త మార్పులు తెచ్చే గిట్ పుల్‌తో ఫైలు మారినా పాత అనుమతే చెల్లుతుంది. ఇలాగే ఆటోలోడ్ చేసే మరో సాధనం డైరెన్వ్ పద్ధతి నాకు నచ్చింది. ఫైల్లో ఉన్నదానికి హ్యాష్ (వేలిముద్రలాంటి గుర్తు) కట్టి దాచుకుంటుంది, ఒక్క అక్షరం మారినా అనుమతి రద్దు చేసి మళ్లీ అడుగుతుంది. ఆటోలోడ్ కావాలంటే ఇలాంటిదే వాడండి.

తెలియనివాళ్లు పంపిన ప్రాజెక్టయితే ఫోల్డర్‌లోకి దిగకుండా బయటి నుంచే ఫోల్డర్ పేరుతో ఎల్ఎస్ మైనస్ ఏ కొట్టి దాగిన ఫైళ్లు చూడండి. '.ఎన్వ్' ఉంటే క్యాట్ మైనస్ వీతో చదవండి, కంటికి కనబడని కంట్రోల్ అక్షరాలు కూడా బయటపడతాయి. లోపల '.గిట్' ఫోల్డర్ ఉంటే సీడీ కొట్టేముందే తీసేయండి.