కళాశాల సర్వర్‌లో సొంత వెబ్ పేజీ: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలోని ఒక కళాశాలలో సర్వర్ల నిర్వహణ నా ఉద్యోగం. మా అధ్యాపకులకూ విద్యార్థులకూ సర్వర్‌లో ఖాతాతో పాటు సొంత వెబ్ పేజీ పెట్టుకునే వీలు కూడా ఉంది. కొందరు అది తమ వల్ల అయ్యే పని కాదని మొదట్లోనే ఆగిపోతారు. మరికొందరు అందులో పెట్టినవి ల్యాబ్ గోడలు దాటి పోవన్న ధీమాతో పెట్టకూడనివన్నీ పెట్టేస్తారు. నాకు పని కల్పించేది ఎక్కువగా ఈ రెండో రకం వారే. ఇక్కడ రాసినవి లినక్స్ మీద అపాచీ వెబ్ సర్వర్ నడిచే చోట్లకు వర్తిస్తాయి.

అపోహ: సొంత పేజీకి డొమైన్ కొనాలి, వర్డ్‌ప్రెస్ ఎక్కించాలి, డేటాబేస్ నేర్చుకోవాలి.

వాస్తవం: వీటిలో ఏదీ అక్కరలేదు. మీ హోమ్ ఫోల్డర్‌లో పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ అనే పేరుతో ఒక ఫోల్డర్ సృష్టించి, అందులో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అనే ఫైల్ పెడితే చాలు. ఖాతాదారుల సొంత పేజీలను చూపించే, అపాచీలోని యూజర్‌డిర్ మాడ్యూల్‌ను నిర్వాహకుడు ముందే ప్రారంభించి ఉంటే, కళాశాల చిరునామా తర్వాత ఒక టిల్డా గుర్తు (~), దాని వెంటనే మీ యూజర్‌నేమ్ కొట్టినవారికి ఆ పేజీ కనిపిస్తుంది. కళాశాలల చిరునామాల చివర ఉండే ఏసీ.ఇన్ డొమైన్లను ఇచ్చేది ఎర్నెట్ ఇండియా. దాని రుసుము, నమోదు కళాశాల చూసుకునే విషయాలు, మీకు వాటితో పని లేదు. టిల్డా విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. దానిని నోటీసు బోర్డు మీద మామూలు అడ్డగీతలా రాస్తే, చూసి కొట్టినవారికి 404 అనే 'దొరకలేదు' సందేశం తప్ప మరేమీ రాదు. కీబోర్డులో ఆ గుర్తు దొరకనివారు దాని స్థానంలో శాతం గుర్తు, 7 అంకె, ఇంగ్లీషు 'ఈ' అక్షరం వరుసగా కొట్టినా అదే పేజీ తెరుచుకుంటుంది.

అపోహ: పేజీ తెరిచినప్పుడు 403 అని వస్తే ఫోల్డర్లన్నిటికీ 777 అనుమతి ఇచ్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: మా ల్యాబ్‌లో ఒకరి నుంచి ఒకరికి అందుతూ వస్తున్న ఈ చిట్కా వల్ల జరిగినంత నష్టం మరి దేనివల్లా జరగలేదని నా అభిప్రాయం. 404 అంటే అడిగిన ఫైల్ ఆ చోట లేదని అర్థం. 403 అంటే అడిగినది చూపడానికి సర్వర్‌కు అనుమతి లేదని అర్థం, కనుక ముందు ఏ మెట్టు దగ్గర అడ్డు పడుతోందో చూడాలి. లినక్స్‌లో చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని విలువలు ఉంటాయి. అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ ఆదేశానికి ఇచ్చే మూడు అంకెలు వరుసగా యజమానికి, గుంపుకు, ఇతరులకు ఇచ్చిన విలువల మొత్తాలు. ఫోల్డర్ల విషయంలో 'నడపడం' అంటే దానిలోంచి దాటి లోపలికి వెళ్లడం. వెబ్ సర్వర్ మీ ఫైల్‌ను చేరాలంటే దారిలోని ప్రతి ఫోల్డర్ దానిని దాటనివ్వాలి. అందుకే హోమ్ ఫోల్డర్‌కు 711, పబ్లిక్_హెచ్‌టీఎంఎల్‌కు 755, లోపలి ఫైళ్లకు 644 ఇవ్వాలని చెబుతాము. బావి దగ్గరకు పోయేవారిని మన సావిట్లోంచి నడిచి వెళ్లనిస్తాము గాని, సావిట్లోని పెట్టెలు తెరవనియ్యము; హోమ్ ఫోల్డర్‌కు ఇచ్చే 711 చేసే పని అదే. హోమ్‌కు 700 ఉన్నప్పుడు లోపల ఎంత ఉదారంగా అనుమతులు ఇచ్చినా పేజీ తెరుచుకోదు, విద్యార్థులు తికమక పడేది సరిగ్గా ఇక్కడే. ఇక 777 ఇస్తే, అంటే అందరికీ మూడు అనుమతులూ ఇస్తే, అదే సర్వర్‌లో ఖాతా ఉన్న ఏ విద్యార్థి అయినా మీ ఫైళ్లను మార్చవచ్చు, చెరిపివేయవచ్చు.

అపోహ: నా కంప్యూటర్‌లో చక్కగా కనిపించింది కాబట్టి సర్వర్‌లోనూ కనిపిస్తుంది.

వాస్తవం: విండోస్ ఫైల్ పేర్లలో ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలను ఒకటిగానే తీసుకుంటుంది, లినక్స్ వేరువేరుగా చూస్తుంది. ఫోటో పేరు చివర జేపీజీ అని పెద్దబడిలో ఉండి, పేజీలో దానిని చిన్నబడిలో రాస్తే, ఇంటి దగ్గర కనిపించిన బొమ్మ సర్వర్‌లో కనిపించదు. చిత్రం చిరునామాలో సీ డ్రైవ్ దారి రాసి పంపేవారూ ఉన్నారు. ఆ బొమ్మ వారి కంప్యూటర్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా కనిపించదు. అలాగే, చిరునామా 192.168తో గాని 10.తో గాని మొదలయ్యే అంకెలలో ఉంటే అది కళాశాల నెట్‌వర్క్ లోపలి చిరునామా మాత్రమే, కనుక దానిని టెక్కలిలోని ఇంటికి వాట్సాప్‌లో పంపి ప్రయోజనం లేదు.

అపోహ: పేజీ తెలుగులో పెడితే చూసేవారు ఫాంట్ ఎక్కించుకోవాలి.

వాస్తవం: 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలో డీటీపీ చేసిన పాఠాన్ని అలాగే తెచ్చి అతికించినవారికి ఈ మాట నిజమే. ఆ ఫాంట్ లేని చోట అది అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తుంది, అందులో పదాన్ని వెతకడమూ సాధ్యం కాదు. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలు ఉన్న యూనికోడ్‌లో రాసిన తెలుగుకు ఆ బాధ లేదు. తెలుగు 1991 నాటి తొలి యూనికోడ్ నుంచే ఉంది, ఇప్పటి ఫోన్లన్నీ దానిని చూపిస్తాయి. పేజీ కోడ్ మొదట్లో అక్షర సంకేతం యూటీఎఫ్-8 అని, భాష తెలుగు అని తప్పక రాయండి. ప్రత్యేకమైన అక్షర రూపం కావాలనుకుంటే ఫాంట్‌ను పేజీతో పాటే పంపవచ్చు. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఫాంట్లలో గురజాడ, గిడుగు పేర్లతో ఉన్నవి కూడా ఉన్నాయి. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లం వాటిని వాడకపోతే ఇంకెవరు వాడతారు? ఫైల్ పేరు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచడం మేలు. శ్రీకాకుళం అన్న మాట యూనికోడ్‌లో 10 సంకేతాలు. ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఒక్కో బైటు చిరునామాలో మూడు గుర్తులుగా మారుతుంది, కాబట్టి ఆ ఒక్క మాటే లింకులో 90 గుర్తుల పొడవు అవుతుంది.

అపోహ: లింకు ఎవరికీ ఇవ్వలేదు కనుక నా ఫైళ్లను ఎవరూ చూడరు.

వాస్తవం: పదో తరగతి మార్కుల మెమో, ఆధార్ కార్డు, కుల ధ్రువపత్రం స్కాన్ చేసి, ఇంటర్వ్యూలకు పనికొస్తాయని పబ్లిక్_హెచ్‌టీఎంఎల్‌లోనే ఒక ఫోల్డర్‌లో దాచుకున్న విద్యార్థులను నేను చూస్తూనే ఉన్నాను. ఆ ఫోల్డర్‌లో ఇండెక్స్ ఫైల్ లేకపోతే, సర్వర్ అమరికను బట్టి లోపలి ఫైళ్ల జాబితా మొత్తం బ్రౌజర్‌లో ప్రత్యక్షమవుతుంది. ఎవరో ఒక్కరు ఒక్కసారి ఆ లింకును ఎక్కడైనా పెడితే సెర్చ్ ఇంజన్లు దానిని పట్టుకుంటాయి. రోబోట్స్.టీఎక్స్‌టీ అనే ఫైల్‌లో రాసి ఆపవచ్చని కొందరు అంటారు గాని, 1994 నుంచి వాడుకలో ఉన్న ఆ ఫైల్ మర్యాదగల క్రాలర్లకు (సెర్చ్ ఇంజన్ల కోసం పేజీలు చదివే ప్రోగ్రాములకు) చేసే విన్నపం మాత్రమే, అది అడ్డుగోడ కాదు. పైగా ఆ ఫైల్‌ను ఎవరైనా చదవవచ్చు, కాబట్టి మీరు దాచాలనుకున్న ఫోల్డర్ల పేర్లు మీరే ప్రకటించినట్లు అవుతుంది. ఫోల్డర్‌కు నియమాలు రాసే హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌తో పాస్‌వర్డ్ పెట్టే మార్గం ఉంది గాని, దానికి నిర్వాహకుడు అనుమతించి ఉండాలి, సైట్ గుప్తీకరణ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌లో నడవాలి. లేదంటే ఆ పాస్‌వర్డ్ దాదాపు బహిరంగంగా ప్రయాణించినట్లే. నా సలహా అంతకంటే సులువైనది: దాచవలసినది ఆ ఫోల్డర్‌లో పెట్టకండి. ఫోన్‌తో తీసిన ఫోటోల విషయంలో మరో మాట చెప్పాలి. లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫోటోలో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఇమిడి ఉంటాయి, ఇంటి అరుగు మీద తీసుకున్న ఫోటో మీ ఇంటి జాడ చెప్పేస్తుంది. ఎక్కించే ముందు ఆ సమాచారాన్ని తొలగించండి, ఎలాగూ ఫోటో పరిమాణం తగ్గించాలి కూడా.

అపోహ: ఎఫ్‌టీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ రెండూ ఒకటే.

వాస్తవం: కావు. రెండూ ఫైళ్లను సర్వర్‌కు పంపే పద్ధతులే గాని, 21వ పోర్టులో నడిచే మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్లుగా వెళుతుంది. ఎస్‌ఎఫ్‌టీపీ 22వ పోర్టులో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా గుప్తీకరణతో నడుస్తుంది. ఫైళ్లు పంపడానికి వాడే ఫైల్‌జిల్లాలో గాని, విన్‌ఎస్‌సీపీలో గాని పోర్టు గడిలో 22 ఉందో లేదో చూసుకోండి.

అపోహ: కళాశాల సర్వర్‌లో పెట్టినది ఎప్పటికీ ఉంటుంది.

వాస్తవం: సర్వర్ కూడా కరెంటు మీద నడిచే యంత్రమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి విద్యుత్తు లేదు. అటువంటి వేళ యూపీఎస్ బ్యాటరీలు ఎంతసేపు ఆదుకుంటాయి? కళాశాల బ్యాకప్ తీస్తుంది గాని, అది మొత్తం సర్వర్‌ను తిరిగి నిలబెట్టడానికి ఉద్దేశించినది, మీరు పొరపాటున చెరిపేసుకున్న ఒక్క ఫైల్‌ను వెతికి ఇవ్వడానికి కాదు. మూల ప్రతి మీ దగ్గర, నకలు సర్వర్‌లో ఉండాలి గాని తలకిందులుగా కాదు. చదువు పూర్తయ్యాక ఖాతా మూసివేయడం కూడా మామూలే, కాబట్టి చివరి సెమిస్టర్‌లోనే ఫోల్డర్ మొత్తాన్ని దించుకోండి. మీ పేజీల మధ్య లింకులలో కళాశాల పూర్తి చిరునామా రాయకుండా ఫైల్ పేరు మాత్రమే రాసి ఉంటే, అదే ఫోల్డర్‌ను రేపు ఇంకే సర్వర్‌లో పెట్టినా ఒక్క అక్షరం మార్చకుండా పని చేస్తుంది. పాత చిరునామాకు వచ్చేవారిని కొత్తచోటికి మళ్లించే 301 దారిమార్పు కావాలంటే, ఖాతా మూసే ముందే నిర్వాహకుడికి కొత్త చిరునామాతో ఒక ఉత్తరం ఇవ్వండి. ఖాతా పోయాక వచ్చి అడిగితే, అడిగినవారు ఆ పేజీ యజమానే అని తేల్చుకోవడం మాకు కష్టమవుతుంది.